ఆవగింజలో అరవయ్యో వంతు

అతి స్వల్పమైన వస్తువును గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు మనవాళ్ళు ఆవగింజలో అరవయ్యో వంతు అంటారు. ఈ వ్యాసంలో చెప్పబోయే ప్రాణికి ఆ మాట కూడా పెద్దదే. దాని గుల్ల అడ్డకొలత మిల్లీమీటరులో సుమారు పదోవంతు. చాలావాటికి అంత కూడా ఉండదు. ఆవగింజను అరవై భాగాలు కాదు, కొన్ని వేల భాగాలు చేస్తేగాని దీనికి సరితూగదు. అది బ్రతికిన కాలం ఇప్పటికి దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రిందట. మనుష్యులు దానికి పేరు పెట్టినది 1964లో. పేరు పెట్టడం ఇటలీ దేశపు కొండల్లో జరిగింది. కాని ఆ పేరు ఆధారంగానే మన గోదావరి ఒడ్డున, రాజమహేంద్రవరం దగ్గరి నల్లరాతి క్వారీలలోని రాయి ఎప్పటిదో తేల్చారు. కంటికి ఆనని పురుగుకు పేరు పెట్టడంలో అంత విశేషం ఏమున్నదని అడిగేవారి కోసమే ఈ నాలుగు మాటలు.

పురుగు అన్నాను గాని, నిజానికి అది పురుగు కూడా కాదు. సముద్రంలో సొంతంగా ఈదిపోయే శక్తి లేక, ప్రవాహం ఎటు తీసుకొనిపోతే అటు కొట్టుకొనిపోతూ బ్రతికే జీవకోటిని ప్లాంక్టన్ అంటారు. తెలుగులో ప్లవకాలు అని వ్యవహరిస్తున్నారు. వాటిలో ఫోరామినిఫెరా అని ఒక వర్గం ఉన్నది. శరీరమంతా ఒకే ఒక జీవకణం. అయినా అది తన చుట్టూ సున్నంతో గుల్ల కట్టుకుంటుంది. మొదట ఒక చిన్న గది. పెరిగి అది చాలకపోతే ప్రక్కన మరొక గది, దాని ప్రక్కన ఇంకాస్త పెద్దది. మన ఇళ్ళలో కొడుకుల పెళ్ళిళ్ళు అయినకొద్దీ వసారాలు దింపినట్లన్నమాట. ఈ గదులు వరుసగా చుట్టలు చుట్టుకొని చిన్న నత్తగుల్ల ఆకారం వస్తుంది. ప్రాణి చచ్చిపోయిన తరువాత గుల్ల నెమ్మదిగా సముద్రగర్భానికి దిగిపోతుంది. అలా కోట్లకొలది గుల్లలు లక్షల ఏళ్ళపాటు రాలి, అడుగున మెత్తని బురదగా పేరుకొని, ఆ బురద కాలక్రమాన సున్నపురాయి అవుతుంది. సముద్రగర్భం పైకి లేచి కొండగా మారినప్పుడు ఆ గుల్లలూ కొండతోపాటు పైకి వస్తవి.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్సీద్ దోర్బిన్యీ 1826లో వీటిని వర్గీకరించి పేర్లు పెట్టినప్పుడు, గుల్ల ఆకారాన్ని బట్టి వీటిని ఆక్టోపస్ జాతికి దాయాదులనుకున్నాడు. తొమ్మిదేళ్ళకు, 1835లో, దుజార్దేన్ అనే మరొక ఫ్రెంచివాడు బ్రతికి ఉన్నవాటిని పరీక్షించి, ఇందులో కాళ్ళూ లేవు, తలా లేదు, వట్టి జీవపదార్థపు బొట్టు మాత్రమే అని తేల్చాడు. అంతమాత్రాన దోర్బిన్యీ పెట్టిన పేర్లు పోలేదు. ఆయన పేరుపెట్టిన గ్లోబిజెరీనా బుల్లాయిడీస్ ఈనాటికీ సముద్రంలో బ్రతికే ఉన్నది, ఆ పేరుతోనే ఉన్నది. పేరు పెట్టినవాడు ఆ ప్రాణి స్వభావాన్ని సరిగా గ్రహించకపోయినా పేరు నిలుస్తుంది. దానిని నిలబెట్టేది ఆయన వ్రాసి ఉంచిన వర్ణనా, గీసి ఉంచిన బొమ్మా. ఈ సంగతి తరువాత అవసరం వస్తుంది, జ్ఞాపకం ఉంచుకోండి.

వీటి వలన ప్రయోజనాన్ని ముందుగా గట్టిగా గ్రహించినవారు చమురు కంపెనీలవారు. భూమిలోనికి గొట్టం దింపి తవ్వినప్పుడు పైకి వచ్చేది పిడికెడు రాతిపొడి. అందులో పెద్ద జంతువుల ఎముకలు దొరకడం కల్ల. కాని ఈ గుల్లలు చిటికెడు పొడిలోనే వందలకొలదీ ఉంటవి. ఒక్కొక్క జాతి కొంతకాలం బ్రతికి నశించిపోతుంది గనుక, ఏ జాతి గుల్ల కనబడినదో చూస్తే ఆ రాయి ఏ కాలపుదో చెప్పవచ్చు. నాణెం మీది రాజు ముద్రను చూచి కాలాన్ని చెప్పడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. ఎక్కువకాలం ఏలిన రాజు నాణెం కంటే నాలుగేళ్ళు మాత్రం ఏలినవాని నాణెం కాలనిర్ణయానికి ఎక్కువ పనికివస్తుంది. మన కథలోని ప్రాణి అటువంటి అల్పాయుష్కురాలు. దాని జాతి మొత్తం బ్రతికినది కొద్ది లక్షల ఏళ్ళు మాత్రమే; భూమి చరిత్రలో అది రెప్పపాటు.

ఇక ఇటలీకి వద్దాం. మధ్య ఇటలీలోని అపెన్నైన్ కొండల్లో గుబ్బియో అని ఒక ప్రాచీన పట్టణం. ఊరిని ఆనుకొని బొత్తాచోనె అనే లోయలో ఎర్రని సున్నపురాయి పొరలు పుస్తకంలో పుటల మాదిరి వరుసగా పేర్చి ఉంటవి. ఒకచోట ఆ పొరల నడుమ అంగుళంలో సగమైనా లేని బంకమట్టి పొర ఒకటి ఉన్నది. దానికి క్రింద ఉన్న రాతిలో ఫోరామినిఫెరా గుల్లలు పెద్దవి, అలంకారం కలవి, భూతద్దంతో చూస్తే కనబడతవి. దానికి పైన ఉన్న రాతిలో ఆ పెద్దవి ఒక్కటీ లేదు. వాటి స్థానంలో అతి చిన్న గుల్లలు, ఆభరణాలన్నీ ఒలిచివేసినట్లు సాదాగా ఉన్నవి. స్విట్జర్లాండుకు చెందిన హాన్స్‌పీటర్ లూటర్‌బాకర్, ఇటలీకి చెందిన ఇసబెల్లా ప్రీమోలీ సిల్వా అనే ఇద్దరు యువశాస్త్రజ్ఞులు 1960 ప్రాంతాల్లో ఈ మధ్య అపెన్నైనుల పొరలను ఓపికగా పరిశీలించి, బంకమట్టికి వెంటనే పైన వచ్చే ఆ చిన్న గుల్లలలో ఒకటి అంతవరకు ఎవరూ వర్ణించనిదని గ్రహించారు. 1964లో దానిని గ్లోబిజెరీనా యూగుబీనా అని ప్రకటించారు. గుబ్బియోకు లాటిన్‌లో యూగుబియమ్ అని పేరు. ఆ ఊరిది గనుక యూగుబీనా. మొదటి పేరు స్త్రీలింగం గనుక రెండవది కూడా స్త్రీలింగమే కావాలి. విశేష్యానికి ఏ లింగమో విశేషణానికీ అదే లింగం అని సంస్కృతం చదువుకున్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

కొత్త జాతి అని ఒక మాటలో అనడం సులభం. ఆ మాట అనగలగడానికి ముందు జరిగే పని తెలిస్తే గాని దాని విలువ తెలియదు.

మొదట రాతిని తెచ్చి చిన్న ముక్కలుగా కొట్టాలి. మెత్తటి రాయి అయితే నీటిలో, హైడ్రోజన్ పెరాక్సైడులో నానబెడతారు. అది విచ్చిపోయి బురద అయిన తరువాత సన్నని జల్లెడలో పోసి ధారగా నీరు విడిచి కడుగుతారు. ఈ జల్లెడల కన్నాలు ఎంతవంటే, వాడుకలో ఉన్న జల్లెడ కన్నం 63 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మన వంటింటి పిండి జల్లెడ దీని ముందు కిటికీ. జల్లెడలో మిగిలిన దానిని ఎండబెట్టి, నల్లరంగు వేసిన పళ్ళెంలో పలుచగా పరచి, సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూస్తారు. కొన వెంట్రుకలు రెండు మూడు మాత్రమే ఉన్న కుంచెను తడిచేసి, ఒక్కొక్క గుల్లనే అంటించి ఎత్తి, అంకెలు వేసిన అరవై గళ్ళు గల చిన్న అట్టపలక మీద జిగురుతో అతికిస్తారు. ఊపిరి గట్టిగా విడిచినా గుల్ల ఎగిరిపోతుంది. తుమ్ము వస్తే ఒక పూట శ్రమ గాలిలో కలుస్తుంది. రాయి మరీ గట్టిదై గుల్ల విడిరాకపోతే, కాంతి అవతలికి కనబడేంత పలుచగా రాతినే కోసి, అరగదీసి, అందులో గుల్లల అడ్డకోతను చూడవలసి ఉంటుంది. ముక్కలుగా కోసిన కూరను చూచి కాయ ఆకారం చెప్పమన్నట్లు ఉంటుంది ఆ పని.

ఒక గుల్ల దొరికితే చాలదు. పదులకొలదీ కావాలి. ఎందుకంటే చిన్నదంతా కొత్తది కాదు. పెద్ద జాతికి చెందిన ప్రాణి చిన్నతనంలో చచ్చిపోయి ఉంటే దాని గుల్ల కూడా చిన్నదే. నాలుగు గదులు కట్టేసరికే ఆయువు తీరినదాన్ని పట్టుకొని ఇదొక కొత్త జాతి అంటే నలుగురూ నవ్వుతారు. పైగా ఒకే తల్లి పిల్లలలో కూడా పోలికలు తేడాగా ఉంటవి. ఒకదానికి చివరి చుట్టులో ఐదు గదులుంటే మరొకదానికి ఆరుంటవి. అదీకాక పాతకాలపు గుల్ల పాతరాతి నుంచి కొట్టుకొనివచ్చి కొత్త బురదలో చేరుతూ ఉంటుంది. తాతగారి కోటు మనుమడి పెట్టెలో దొరికినంత మాత్రాన అది మనుమడు కుట్టించుకొన్నదని కాదుగదా. ఇవన్నీ తోసివేయగలిగి, చిన్నవాటి నుంచి పెద్దవాటిదాకా ఒకే వరుసగా నిలబెట్టి, ఇది వేరే ఇంటిపేరు అని రూఢి చేసుకోవాలి.

ఆ తరువాత గ్రంథశోధన. ఎక్కడో ఎవరో ఎప్పుడో ఇదే గుల్లకు ముందే పేరు పెట్టి ఉంటే, ముందు అచ్చయినదే పేరు, మనది చెల్లదు. రష్యను భాషలో అచ్చయినా, మారుమూల పత్రికలో అచ్చయినా ముందుది ముందే. ఈ బాధ పడలేక న్యూయార్కులోని అమెరికన్ మ్యూజియమ్‌లో ఎల్లిస్, మెస్సీనా అనే ఇద్దరు పూనుకొని, ఫోరామినిఫెరా జాతులన్నిటి మొదటి వర్ణనలనూ మొదటి బొమ్మలనూ సేకరించి 1940 నుంచి సంపుటాలుగా ప్రచురించారు. ఎన్ని గొప్ప కావ్యాలు రాని చోటికైనా ఆ సంపుటాలు వెళ్ళినవి.

అప్పుడు వర్ణన వ్రాస్తారు. గుల్లను వీపువైపు నుంచి, కడుపువైపు నుంచి, అంచువైపు నుంచి మూడు బొమ్మలు గీస్తారు. లేదా, ఇప్పటి రోజుల్లో, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఛాయాచిత్రాలు తీస్తారు. గదులు ఎన్ని, ఎట్లా పెరుగుతున్నవి, నోరు ఎక్కడ, గోడలో రంధ్రాలు ఏపాటివి, దగ్గరి చుట్టాలైన జాతులకూ దీనికీ తేడా ఏమిటి, ఏ కొండలో ఏ పొరలో దొరికింది, అన్నీ వ్రాయాలి. యూగుబీనా విషయంలో వర్ణన సారాంశం ఇది: చుట్టలు పెద్దగా ఎత్తులేక చదునుగా ఉంటవి, చివరి చుట్టులో సాధారణంగా ఐదారు గుండ్రటి గదులు, గోడ నునుపు, దానిలో రంధ్రాలు అతి సూక్ష్మం. చూస్తే ఏమంత చక్కదనం లేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. చూచిన వందల గుల్లలలో ఒక్కదానిని ఏరి, ఇదే మూలప్రతి అని ప్రకటించాలి. దీనిని హోలోటైప్ అంటారు. 2000 సంవత్సరం నుంచి ఫలానా మూలప్రతి ఫలానా మ్యూజియమ్‌లో ఉంచుతున్నామని వ్రాయనిదే జంతునామాల నియమావళి ప్రకారం కొత్త జాతి పేరు చెల్లదు. రేపు ఎవరికి సందేహం వచ్చినా, వర్ణన ఎంత బాగున్నదని కాదు, ఆ ఒక్క గుల్ల ఏం చెబుతున్నదని చూస్తారు. ఇంటి తగాదాలో అందరి మాటలూ విని చివరకు దస్తావేజు పెట్టె తెరిచినట్లు. ఆ దస్తావేజు గసగసాల గింజలో ఎనిమిదోవంతో పదోవంతో పొడుగు ఉంటుందన్నదే తేడా.

ఇంత చేసినా పేరు కదలకుండా ఉంటుందని హామీ లేదు. యూగుబీనా అసలు గ్లోబిజెరీనా ఇంటిది కాదని తరువాతివారు నిర్ణయించి, 1978లో హోఫ్కర్ ఏర్పరచిన పార్వులారుగోగ్లోబిజెరీనా అనే గణంలో చేర్చారు. ప్రాణి కంటె పేరే పొడుగు! అయినా యూగుబీనా అన్న రెండవ మాట పోలేదు. పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిన పిల్లకు ఇంటిపేరు మారినా తల్లిదండ్రులు పెట్టిన పేరు మారనట్లు, మొదట వర్ణించిన ఇద్దరి పేర్లు కుండలీకరణంలో వేసి ఆ గౌరవం వారికే ఉంచుతారు.

ఒక తగాదా మాత్రం తెగలేదు. బ్లో అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుని గ్రంథం 1979లో వెలువడినప్పుడు అందులో లాంజియపెర్చురా అని ఒక జాతి వచ్చింది. యూగుబీనాకు చాలా దగ్గర. నోరు మాత్రం పొడుగ్గా చీలినట్లుంటుంది. అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ 1999లో ప్రచురించిన పెద్ద సంపుటంలో ఈ రెండూ ఒకటే, నోటి తేడా కుటుంబంలోని పోలిక తేడా మాత్రమే అన్నారు. కాదు, రెండూ వేరే అని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. దీనిలో మనకేమి పోయింది అనవద్దు. మహా ప్రళయం తరువాత సముద్రంలో ఎన్ని కొత్త జాతులు ఎంత త్వరగా పుట్టినవి అన్న లెక్క ఈ తీర్పు మీద ఆధారపడి ఉన్నది. ప్రతి చిన్న తేడాకూ ఒక పేరు పెడితే జీవం ఇట్టే తేరుకొన్నట్లు కనబడుతుంది. అన్నిటినీ కలిపివేస్తే నెమ్మదిగా లేచినట్లు కనబడుతుంది. నా మటుకు నాకు, మూలప్రతులు రెంటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూడకుండా ఏ పక్షం మాట్లాడినా వినబుద్ధి కాదు.

ప్రళయం అన్నాను గదా. 1970లలో వాల్టర్ అల్వారెజ్ అనే అమెరికను భూగర్భశాస్త్రజ్ఞుడు రాళ్ళలోని అయస్కాంత లక్షణాలను పరీక్షించడానికి గుబ్బియో వెళ్ళాడు. ప్రీమోలీ సిల్వా గారు ఆయనకు ఆ హద్దును చూపించారు: ఇదిగో, ఇక్కడిదాకా పెద్ద గుల్లలు, ఇక్కడినుంచి చిన్నవి. నడుమ ఉన్న మట్టి ఎంతకాలంలో పేరుకున్నదని ఆయనకు సందేహం కలిగింది. భౌతికశాస్త్రంలో 1968 నోబెల్ బహుమానం పొందిన తండ్రి లూయీ అల్వారెజ్‌ను అడిగాడు. రసాయనిక పరీక్షలు చేసే ఆసారో, హెలెన్ మిషెల్ వారితో చేరారు. ఆ మట్టిలో ఇరీడియమ్ అనే అరుదైన లోహం ప్రక్క రాళ్ళలో కంటె 30 రెట్లు ఉన్నట్లు తేలింది. ఆకాశం నుంచి పెద్ద గ్రహశకలం వచ్చి పడడం వలననే ఇది వచ్చిందనీ, డైనోసారులతో సహా ఎన్నో జాతులు నశించడానికి అదే కారణమనీ నలుగురూ కలిసి 1980లో ప్రకటించారు. 1991లో మెక్సికోలోని యుకటాన్ తీరాన భూమిలో కప్పబడి ఉన్న సుమారు 180 కిలోమీటర్ల వెడల్పు గొయ్యి ఆ దెబ్బ తాలూకుదేనని గుర్తించారు. ఇదంతా పత్రికల్లో వచ్చినదే, అందరికీ తెలిసినదే. పదహారేళ్ళు ముందుగా ఇద్దరు యువశాస్త్రజ్ఞులు కూర్చుని చిన్న గుల్లలను ఏరి, పేరు పెట్టి, హద్దు గీసి ఉంచిన సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

ఇక మన గోదావరి సంగతి. దక్కను పీఠభూమిలో పెద్ద భాగాన్ని కప్పిన నల్లరాయి ఒకప్పుడు భూమిలోంచి పొంగి పారిన లావా. ఈ లావా ప్రవాహాలలో కొన్ని రాజమహేంద్రవరం దగ్గర బయటపడి ఉన్నవి: ఇటు కాతేరు వద్ద, అటు కొవ్వూరు దాటి దేవరపల్లి దగ్గరి గౌరీపట్నం వద్ద. అక్కడి రాయి రసాయన లక్షణాలు మహాబలేశ్వరం వైపు పడమటి కనుమల రాళ్ళతో సరిపోతున్నవని, అంటే ఆ లావా సుమారు 1000 కిలోమీటర్లు పారి తూర్పు సముద్రాన్ని చేరిందని, 2008లో ఒక శాస్త్రజ్ఞుల బృందం ప్రకటించింది. పూనాలో ఉన్న తెలుగువారి క్రింది రాయీ, గోదావరి ఒడ్డు రాయీ ఒక పొయ్యి మీది పాలే.

రాజమహేంద్రవరం వద్ద ఈ లావా రెండు అంతస్తులుగా ఉన్నది. క్రింది లావా పారి, చల్లారిన తరువాత కొంతకాలం సముద్రం దాని మీదికి వచ్చి మట్టి, సున్నం పరచింది. ఆ పైన రెండో లావా పారింది. నడుమ పొరలోని నత్తగుల్లలను గూర్చి నాగపురంలో మిషనరీగా ఉండిన స్టీఫెన్ హిస్లాప్ 1860లోనే వ్రాశాడు. బెంగుళూరు సెంట్రల్ కాలేజీ ఆచార్యులు ఎల్. రామారావుగారు, ఎస్. ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు గార్లతో కలిసి ఈ రాళ్ళ వయస్సును గూర్చి 1936లో వ్యాసం ప్రచురించారు. కాలం స్థూలంగా తెలిసింది. కాని ప్రళయానికి ముందా, వెనుకా, సరిగ్గా అప్పుడేనా అన్నది తేలలేదు. ఆ ప్రశ్న చిన్నది కాదు. జీవకోటి నాశనానికి గ్రహశకలం కారణమా, మన దక్కను అగ్నిపర్వతాల విషవాయువులు కారణమా అన్న పెద్ద వివాదం దాని మీదనే ఆధారపడి ఉన్నది.

అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ గారూ, సునీల్ బాజ్‌పాయ్ మొదలైన సహచరులూ ఈ క్వారీలలోని మట్టిని కడిగి చూశారు. ఇక్కడ జల్లెడ సంగతి మళ్ళీ చెప్పాలి. ప్రళయానంతరపు గుల్లలు ఎంత చిన్నవంటే 63 మైక్రాన్ల జల్లెడలో నుంచి చాలా భాగం జారి నీటితోపాటు తూములోకి పోతవి. కనుక ఈ కాలపు మట్టికి 38 మైక్రాన్ల జల్లెడ వాడతారు. అలా చూడగా, క్రింది లావా మీద పరచుకొన్న మట్టిలో యూగుబీనా కాలపు గుల్లలు కనబడినవి. దానిని బట్టి క్రింది లావా ప్రళయపు హద్దుకు దగ్గరలోనే ముగిసిందని వారు 2008లో ప్రకటించారు. మధ్యప్రదేశ్‌లో ఛింద్వాడా వైపు ఝిల్‌మిలీ అనే చోట, ఇప్పటి సముద్రానికి వందల మైళ్ళ దూరాన, లావా పొరల నడుమ ఈ కాలపు సముద్రపు గుల్లలే దొరికినవని మరుసటి సంవత్సరం వ్రాశారు. తరువాత కృష్ణా గోదావరి ప్రాంతంలో ఓ.ఎన్.జి.సి. వారు చమురు కోసం తవ్విన లోతైన బావుల రాతిపొడిని పరీక్షించి, ఒక్కొక్క లావా ప్రవాహం తరువాతా సముద్రపు జాతులు తగ్గుతూ వచ్చినవనీ, మొదటి మహాప్రవాహంతోనే సగం పోయినవనీ అన్నారు. మనకు గ్యాసు ఇచ్చే బావులే ఈ సాక్ష్యమూ ఇచ్చినవి.

దీనితో గ్రహశకలం వాదం ఓడిపోయిందని అనుకోకూడదు. 2019లో లావా వయస్సును రెండు వేర్వేరు పద్ధతుల్లో కొలిచిన రెండు బృందాలు ఒకే పత్రికలో ప్రక్కప్రక్కన వ్యాసాలు వేసినవి. ప్రళయానికి కొంచెం ముందే పెద్ద పొంగు ఒకటి వచ్చిందని ఒకరన్నారు. లావాలో ఎక్కువ భాగం ప్రళయం తరువాతే పారిందని మరొకరన్నారు. శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది గ్రహశకలం వైపే మొగ్గుతున్నారు. కాని ఏ పక్షంవారైనా సముద్రపు మట్టిని చేతబట్టినప్పుడు ముందుగా వెదికేది ఆ చిన్న గుల్లనే.

బరంపురం నుంచి మద్రాసు వైపు వచ్చేవారు గోదావరి వంతెన మీద రైలు కిటికీలోంచి నీటిలో కాసులు వేసి దండం పెట్టుకుంటారు. యానాంవారికి ఆ గోదావరి ఇంటి ముంగిలే. ఎప్పుడైనా వీలు చిక్కితే, పాడుపడిన క్వారీ ఒకదానిలో అనుమతి తీసుకొని దిగి చూడండి. పైన నల్లరాయి, క్రింద నల్లరాయి, నడుమ లేతరంగు పొర. కంకర కొట్టేవారికి ఆ నడిమి పొరతో పని లేదు. క్రింది రాతి మీద నిలబడి చేయి చాచితే అది చేతికి అందుతుంది. యూగుబీనా కాలపు గుల్లలు దొరికినది ఆ పొర అడుగుభాగంలోనే.